తలగడ కింది టార్చి

తొండుపల్లి,
జులై 29.

విమానాలు వినే మాట కూడా వినని నా రేఖకు,

ఫోన్లో మాట్లాడితే రెండో నిమిషానికే ఇద్దరం గొంతులు పెంచుతున్నామని, "ఇగ నీకేమన్న కోపముంటే కాయితం మీద రాసి పంపు, నేను నిమ్మళంగ చదువుకుంట" అని బోనాలకు వచ్చి వెళ్తూ బస్సు మెట్ల మీద నిలబడి నువ్వే అన్నావు. అందుకని రాస్తున్నాను. పదో తరగతి పరీక్షల తర్వాత నేను ఇంత పెద్దగా రాయడం ఇదే. తప్పులుంటే దిద్దుకో. కోపం మాత్రం దిద్దకు, అది సరిగ్గానే ఉంది.

అసలు సంగతి ఆ టార్చి. ఆదివారం మధ్యాహ్నం అమ్మ వండిన మటన్ తిని నువ్వు రెండు గంటలు పడుకున్నావు. లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళావు. పక్క దులుపుదామని నేను తలగడ ఎత్తాను. కింద టార్చి. నా మధ్యవేలంత ఉంది. నల్లరంగు అక్కడక్కడ లేచిపోయింది. వెనకవైపు మేకుతో గీకినట్టు రెండక్షరాలు, వి.పి. అని. "ఎవలిదిది?" అన్నాను. "వరప్రసాద్ సార్‌ది. ఆ దినం ఇచ్చిండు గద" అన్నావు. అని నా చేతిలోంచి లాక్కుని సంచిలో పెట్టి జిప్పు లాగేశావు. మన పెళ్ళయి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో నువ్వు నా చేతిలోంచి లాక్కున్న మొదటి వస్తువు ఇంకొకడి టార్చి.

ఆ దినం అంటే ఏ దినమో నాకు తెలుసు. తొండుపల్లిలో అందరికీ తెలుసు, ఎందుకంటే నేనే చెప్పాను. కిందటి డిసెంబరులో, మన భాష కాని ఆ ఊళ్ళో, మీ మెట్రో బండి భూమి లోపల, రెండు స్టేషన్ల నడుమ ఆగిపోవడం, లైట్లు పోవడం, స్టేషన్ ఉద్యోగం చేసే మా రేఖ యూనిఫాంలో ఉండి అరవై మందిని సొరంగం పక్కదారిన నడిపించి బయటికి తేవడం. ఈ కథ నేను ఎయిర్‌పోర్టు క్యాంటీన్లో చెప్పాను. కొత్వాల్‌గూడలో మీ అన్న కొడుకు పుట్టువెంట్రుకలప్పుడు మైకు తీసుకుని చెప్పాను. "మా రేఖ పులి" అని చెప్పాను. నేను చెప్పిన కథలో టార్చి ఉంది కానీ టార్చి ఇచ్చినవాడు లేడు. ఇప్పుడు చూస్తే కథలో సగం అతనిదే అనిపిస్తోంది.

అతను నెల్లూరు వాడు. నీకు పై ఉద్యోగి. అందరినీ మీరు అంటాడు, ప్రతి మాటకూ చివర అండీ పెడతాడు. ముప్పై అయిదు దాటినా పెళ్ళి కాలేదు. ఇవన్నీ నువ్వు చెప్పినవే. నేను అడిగానా? సరే, పెళ్ళి సంగతి నేనే అడిగాను. మిగిలినవి అడగలేదు. ఒక ఆదివారం నువ్వు ఫోన్లో "వరప్రసాద్ సార్" అన్నప్పుడల్లా అరచేతి మీద పెన్నుతో గీత పెట్టాను. పదకొండు అయ్యాయి. ఆ వేళ నా పేరు నువ్వు ఒక్కసారి పలికావు, అది కూడా "శేఖర్, వింటున్నవా?" అని.

నీ బస్సు కదిలాక ఇంటికి వచ్చి కూర్చుని ఆలోచించాను. చీకటి పడ్డాక అయితే కరెంటు పోతుందని పెట్టుకుందిలే అనుకోవచ్చు. అది పట్టపగలు. కిటికీలు రెండూ తెరిచే ఉన్నాయి. ఎండ నీ కాళ్ళ మీద పడుతోంది. పట్టపగలు తలగడ కింద టార్చి పెట్టుకునే మనిషికి కావలసింది వెలుతురు కాదు. ఆ మాత్రం నాకు అర్థమవుతుంది.

నేను ఏం పని చేస్తానో ఒకసారి గుర్తు చేసుకో. నూట ఎనభై మందితో దిగిన విమానం ఆఖరి వంద అడుగులు నా చేతులు చూసి నడుస్తుంది. పైలట్‌కు తన ముక్కు కింద ఏముందో కనబడదు. ఎదురుగా నేనుంటాను, రెండు చేతుల్లో నారింజ రంగు ప్లాస్టిక్ కొమ్ముల లైట్లతో. రమ్మంటే వస్తాడు. రెండు కొమ్ములూ అడ్డంగా కలిపితే గీత మీద ఆగుతాడు, లండన్ నుంచి వచ్చినవాడైనా సరే. అలాంటివాడి పెళ్ళాం గోడ గడియారంలో వేసే సెల్లుతో వెలిగే వేలెడు టార్చితో దారి చూసుకోవాలా? అదీ ఇంకొకడి పేరు గీకిన టార్చితో? కడుపు మండిపోతోంది రేఖా. మర్యాదగా రాయడానికి వేరే మాట వెతికాను, దొరకలేదు.

అక్కడ ఇంకో రెండేళ్ళు చేస్తానని వచ్చే నెలాఖరుకు నువ్వు సంతకం పెట్టాలి. లేదంటే మానేసి వచ్చెయ్యాలి. బోనాలకు ముందు నేను "నీ ఇష్టం" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీకు టార్చి నేను పంపుతాను. అతనిది అతనికి ఇచ్చెయ్యి. అది నీ సంచిలో ఉన్నంతకాలం నీ సంతకానికి నేను ఒప్పుకోను.

ఇట్లు,
విమానాలకు మాత్రమే లోకువ కాని నీ శేఖర్


తొండుపల్లి,
ఆగస్టు 12.

టార్చి ఇచ్చేస్తానని ఒప్పుకున్న నా రేఖకు,

నా అంత పెద్ద ఉత్తరానికి "ఇచ్చేస్త, నువ్వు పంపు" అని మూడు మాటల మెసేజ్ పెట్టావు. పోనీలే. మూడు మాటలైనా నాకు కావలసినవే. ఈ ఉత్తరం పార్శిల్లో టార్చి కింద పెట్టాను. ముందు టార్చి తీసి చూశావని నాకు తెలుసు. ఎలా ఉంది?

దీని కోసం వారం రోజులు తిరిగాను. శంషాబాద్ బస్టాండ్ దగ్గర శివయ్య ఎలక్ట్రికల్ దుకాణం ఉంది కదా, నన్ను అన్నా అంటాడు, ఆ శివయ్యతో "భూమి లోపల బండి ఆగితే పనికొచ్చే టార్చి జూపియ్యి" అన్నాను. బల్ల మీద మూడు పెట్టాడు. ఒకటి సరిగ్గా నీ వరప్రసాద్‌ది లాంటిదే, వేలంత, గడియారం సెల్లుది. దాన్ని ముట్టుకోలేదు. ఇంకొకటి అరచేతిలో పట్టేది, మూత సగం తిప్పితే సంచిలో తనంత తాను వెలగదట. మూడోది ఇది. జానెడు పొడవు, ఛార్జింగ్‌ది, పట్టుకుంటే చేతికి బరువు తెలుస్తుంది. "గిది గొట్టినవనుకో అన్నా, హిమాయత్‌సాగర్ అవతలి గట్టు మీద మేక గుడ కనవడ్తది" అన్నాడు. వెంటనే "ఇదే" అన్నాను. శివయ్య తల గోక్కున్నాడు. "సొరంగంల గంత దూరం ఏం జూస్తదన్నా వదినె? మేకలుంటయా ఆడ?" అన్నాడు. అమ్మేవాడికి ఇన్ని ప్రశ్నలెందుకు చెప్పు.

ఊరికే నమ్మి కొనలేదు. వాడి దుకాణం వెనక సగం కట్టి ఆపేసిన బిల్డింగు ఉంది, దాని సెల్లార్లోకి దిగాం. మిట్టమధ్యాహ్నం కూడా చెయ్యి చూసుకుంటే కనబడదు. మూడూ ఒకదాని తర్వాత ఒకటి వెలిగించాం. వేలెడుది శివయ్య వెలిగిస్తే నా చెప్పులు, వాటి ముందు నాలుగు ఇటుకలు కనబడ్డాయి, అంతే. నీ వరప్రసాద్ ఇచ్చింది ఈ నాలుగు ఇటుకల వెలుగేనా అని నవ్వొచ్చింది. మనది వెలిగించగానే ఎదురు గోడ తెల్లగా మండి నా కళ్ళు చెదిరిపోయాయి. శివయ్య అయితే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని "ఆర్పన్నా, ఆర్పు" అని కేకలు. అదే నాకు కావలసింది. టార్చి అంటే కళ్ళు చెదరాలి.

దీనికి మూడు రకాల వెలుగులున్నాయి. బటన్ నొక్కితే పెద్దది. ఇంకోసారి నొక్కితే మధ్యది. మూడోసారి నొక్కితే గుడ్డిదీపం లాంటిది వస్తుంది, అది ఎందుకూ పనికిరాదు, ఎందుకు పెట్టారో కూడా తెలియదు. నువ్వు పెద్దదే వాడు.

పైన ఉన్న నారింజ రంగు కొమ్ము చూశావు కదా, అది నా సొంత తెలివి. మా సూపర్‌వైజర్ బాలమల్లు అన్న దగ్గర పాడైపోయిన సిగ్నల్ లైట్లు పారేసే పెట్టె ఉంది. అందులోంచి ఒక కొమ్ము అడిగి తెచ్చి టార్చి మూతికి బిగించాను. బాలమల్లు అన్న "పెండ్లానికి కూడ సిగ్నల్ ఇస్తవారా?" అన్నాడు. ఇంకోసారి బండి ఆగితే దీన్ని వెలిగించి తల పైకెత్తి పట్టుకో. రెండు వందల మీటర్ల దూరంలో ఉన్నవాడికైనా నువ్వు కనబడతావు. అందరూ నీ వైపే వస్తారు. నేను రోజూ చేసేది అదే, ఎవరూ దారి తప్పలేదు.

అమ్మ సంగతి కూడా రాయాలి. నేను ఇంట్లో కూర్చుని కొమ్ము బిగిస్తుంటే వచ్చి టార్చి చేతిలోకి తీసుకుని చూసింది. "మస్తుగున్నది బిడ్డా. టార్చి పట్టుకుంటే ఒక చెయ్యి పాయె. సంచికి ఇంకో చెయ్యి పాయె. ఇగ ఆ పిల్ల గోడ పట్టుకునుడు ఏ చేతితోటి? ఎసువంటిది గావాల్నో దాన్ని అడిగినవా?" అంది. సర్‌ప్రైజ్ అమ్మా అన్నాను. ఏం సర్‌ప్రైజో అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి తన పాత రవిక గుడ్డ చింపి మెడలో వేసుకునే పట్టీ కుట్టుకొచ్చింది. ఆకుపచ్చ మీద పసుపు చుక్కలు. అంత మంచి టార్చికి అది కట్టడం నాకు ఇష్టం లేదు. మా అమ్మ రేణుకమ్మకు ఎదురు చెప్పగలిగేవాళ్ళు మన ఇంట్లో ఎవరున్నారు? నీకు నచ్చకపోతే విప్పి పారెయ్యి, నేను చెప్పనులే.

ఇప్పుడు నిజం చెప్పు. నాది గట్టిదా, అతనిది గట్టిదా? అతనిది ఇచ్చేసినప్పుడు అతని మొహం ఎలా ఉందో కూడా రాయి. ఆ ఒక్క ముక్క వివరంగా రాయి.

ఇట్లు,
రెండు వందల మీటర్ల దాకా కనబడే నీ శేఖర్


హాస్టల్ గది,
ఆగస్టు 30.

కోపం దిద్దొద్దన్న శేఖర్‌కు,

ముందు ఒక మాట. నేను బాగున్నాను, ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు. ఇది ముందే ఎందుకు రాశానో చదువుతుంటే తెలుస్తుంది. మధ్యలో లేచి ఫోన్ చెయ్యకు. చివరిదాకా చదువు.

నీ పార్శిల్ అందిన రోజే వరప్రసాద్ సార్ టార్చి ఆయనకు ఇచ్చేశాను. "మా ఆయన కొత్తది పంపిండు సార్" అన్నాను. ఆయన దాన్ని ఒకసారి వెలిగించి, ఆర్పి, "మంచిదండీ. మీవారు పంపినదంటే ఇంతకంటే బాగానే ఉంటుంది. అయినా కావాలంటే అడగండి, మొహమాటపడకండి" అన్నారు. జేబులో వేసుకుని వెళ్ళిపోయారు. మొహం మామూలుగానే ఉంది. వివరంగా రాయమన్నావు, ఇంతకంటే వివరం లేదు.

ఆ తర్వాత తొమ్మిది రోజులకు, సాయంత్రం నాలుగున్నరకు, డ్యూటీ దిగి హాస్టల్‌కు వస్తుంటే మా బండి మళ్ళీ రెండు స్టేషన్ల మధ్య ఆగింది. లైట్లు పోయాయి. వైరు కాలిన వాసన వచ్చింది. దిగి పక్కదారి వెంట ముందు స్టేషన్‌కు నడవమని డ్రైవరు మైకులో చెప్పాడు. నా ఒంటి మీద యూనిఫాం ఉంది. ఫోన్ల వెలుగులో అందరూ నన్నే చూశారు.

నీ టార్చి తీశాను. కొమ్ము దానికే ఉంది. తీసేద్దామని చాలాసార్లు అనుకున్నాను. నీకు కోపమొస్తుందని తీయలేదు. నువ్వు ఇక్కడ లేవు, నువ్వు చూడవు, అయినా తీయలేదు. నువ్వు రాసినట్టే వెలిగించి తల పైకెత్తి పట్టుకున్నాను.

పెట్టె అవతలి కొసన ఎవరో వాళ్ళ భాషలో "నిప్పు! నిప్పు!" అని అరిచారు. కాలిన వాసన, చీకటి, అందులో నారింజ రంగు వెలుగు. వాళ్ళేమనుకుంటారు మరి? వెనకవాళ్ళు ముందువాళ్ళను తోశారు. తలుపు దగ్గర ఒక ముసలావిడ పడిపోయింది. ఆమె మీదినుంచి ఎవరో దాటారు. నేను కొమ్ము పీకి పారేశాను. అప్పుడు ఆ తెల్ల వెలుగు నేరుగా వాళ్ళ కళ్ళలో కొట్టింది. అందరూ చేతులు అడ్డం పెట్టుకున్నారు. అడుగు ఎక్కడ వేయాలో ఒక్కరికీ కనబడలేదు. నీ టార్చి చెరువు అవతలి గట్టు దాకా కొడుతుంది శేఖర్. మాకు కావలసింది నాలుగు ఇటుకల దూరమే. నువ్వు రోజూ చేసే పనిలో పైలట్‌కు నువ్వు కనబడాలి. మా సొరంగంలో ఎవరికి వాళ్ళ కాళ్ళు కనబడాలి.

బటన్ నొక్కాను. మళ్ళీ నొక్కాను. ఎందుకూ పనికిరాదని నువ్వు రాసిన గుడ్డిదీపం వచ్చింది. అత్తమ్మ కుట్టిన పట్టీ మెడలో వేసుకున్నాను. టార్చి ఛాతీ దగ్గర వేలాడి వెలుగు నా పాదాల ముందు పడింది. రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. ఒక చేత్తో గోడకున్న కమ్మీ పట్టుకున్నాను, ఒక చేత్తో ఆ ముసలావిడ చెయ్యి పట్టుకున్నాను. ఆమె మోకాలు దోక్కుపోయి రక్తం కారుతోంది. "మెల్లగా, ఒకరి వెనక ఒకరు" అని నాకు వచ్చిన నాలుగు ముక్కలూ వాళ్ళ భాషలో చెబుతూ ఇరవై అయిదు నిమిషాలు నడిచాం. అందరం బయటికి వచ్చాం. అత్తమ్మకు చెప్పు, ఆ రవిక గుడ్డ పని చేసిందని.

ఇప్పుడు డిసెంబరు సంగతి. ఇది నీకు చెప్పకూడదనే అనుకున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

ఆ రోజు నేను ఎవరినీ బయటికి తేలేదు. లైట్లు పోగానే నా కాళ్ళు పడిపోయాయి. యూనిఫాంలో ఉండి, అందరూ చూస్తుండగా, బండిలో నేల మీద కూర్చుండిపోయాను. ఊపిరి లోపలికి పోవడం లేదు. ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. వరప్రసాద్ సార్ అదే పెట్టెలో ఉన్నారు. లేవమని అనలేదు. పక్కన కూర్చుని ఆ టార్చి నా చేతిలో పెట్టి, "మీరేం చేయనక్కర్లేదండీ. ఇది నేల మీదికి పట్టుకోండి, చాలు. మిగతాది నేను చూస్తాను" అన్నారు. నేను పట్టుకున్నాను. జనాన్ని దింపింది, నడిపించింది ఆయన. నేను చివర్లో వెలుగు పట్టుకుని నడిచాను. పైకి వచ్చాక యూనిఫాం చూసి అందరూ నాకు దండాలు పెట్టారు. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఎవరికీ చెప్పలేదు. టార్చి తిరిగి ఇవ్వబోతే, "అక్కర్లేదని మీకు అనిపించిన రోజు ఇవ్వండి" అన్నారు.

ఆ వేళ నీకు ఫోన్ చేసింది ఈ మాట చెబుదామనే. నేను మొదలుపెట్టేలోపే "అరవై మందినా! నా పెండ్లాం పులి!" అని నువ్వు అరిచావు. నీ పక్కన బాలమల్లు అన్న వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత మైకులో కూడా చెప్పావు. నేను మీ అందరి మధ్య ఆకుపచ్చ చీర కట్టుకుని నవ్వుతూ కూర్చున్నాను. పులి అన్నాక, నేల మీద కూర్చుండిపోయానని ఎట్ల చెప్పాలి?

అప్పటినుంచి కళ్ళు మూసుకుంటే ఆ పెట్టెలో ఉన్నట్టే ఉంటుంది. అందుకని టార్చి చేతికి అందేలా పెట్టుకుని పడుకుంటాను. పగలైనా అంతే. కళ్ళు మూస్తే నాకు పగలూ చీకటే. బోనాలకు వచ్చినప్పుడు నువ్వు నా తలగడ కింద టార్చి చూశావు. కిటికీలు తెరిచి ఉన్నాయని చూశావు. నా కాళ్ళ మీద ఎండ కూడా చూశావు. ఎవరిదని అడిగావు. ఎందుకని మాత్రం అడగలేదు.

నువ్వు అడుగుతావని ఆ రెండు రోజులూ ఎదురుచూశాను. బస్సు మెట్ల మీద కూడా ఎదురుచూశాను.

ఈ రోజు పొద్దున సంతకం పెట్టాను. ఇంకో రెండేళ్ళు. నీకు కోపమొస్తుందని తెలుసు, నిన్ను అడగకుండానే పెట్టాను. మొదటిసారి వేరేవాళ్ళు నడిపిస్తే వచ్చాను. రెండోసారి భయపడుతూనే నా కాళ్ళ మీద నేను వచ్చాను. ఇప్పుడు మానేసి వస్తే ఆ మొదటిసారే మిగిలిపోతుంది.

నీ టార్చి తిప్పి పంపుతున్నాను. రెండుసార్లు సంచిలో తనంత తాను వెలిగి నా టిఫిన్ డబ్బా వేడెక్కించింది. అత్తమ్మ పట్టీ నా దగ్గరే ఉంచుకున్నాను. టార్చి నేనే కొనుక్కున్నాను. వేలంతది. గోడ గడియారం సెల్లుది, ఆ సెల్లు ఏ కిరాణా కొట్లోనైనా దొరుకుతుంది, నెలల తరబడి అట్లే ఉంటుంది. నొక్కగానే ముందు చిన్న వెలుగే వస్తుంది. మూత సగం తిప్పితే సంచిలో వెలగదు. మీ శివయ్య బల్ల మీద నువ్వు ముట్టుకోనిది ఒకటి, వద్దన్నది ఒకటి, రెండూ కలిపితే నాది. దాని వెనక నా పేరే గీసుకున్నాను.

సంతకం పెట్టేసిన,
నీ రేఖ


తొండుపల్లి,
సెప్టెంబరు 4.

రేఖకు,

నీ ఉత్తరం డ్యూటీ మధ్యలో, విమానాలు లేని అరగంటలో చదివాను. ఫోన్లు లోపలికి రానివ్వరు కాబట్టి లేచి ఫోన్ చేసే దారి కూడా లేకపోయింది. ఆ తర్వాత వచ్చిన విమానాన్ని గీతకు రెండడుగుల ముందే ఆపేశాను. పదకొండేళ్ళలో మొదటిసారి. "ఏమైందిరా?" అన్నాడు బాలమల్లు అన్న. "రేఖ పరేషాన్ల ఉన్నదన్నా, ఇన్ని నెలలు నాకు చెప్పలే" అన్నాను. ఆయన, "చెప్పలేదా, నువ్వు చెప్పనియ్యలేదా? నువ్వు జర ఊపిరి తీసుకుంటె గద ఎవలన్న మాట్లాడేది" అన్నాడు. డిసెంబరు సంగతి ఆయనకు చెప్పలేదు. అది నీది. నువ్వు చెప్పమంటే, మైకు పట్టుకుని చెప్పిన చోటల్లా వెళ్ళి మళ్ళీ చెబుతాను.

ఆ ముసలావిడ మోకాలు గురించి రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. ఆ కొమ్ము బిగించింది నేను. తీస్తే నాకు కోపమొస్తుందని చీకట్లో కూడా నువ్వు దాన్ని తీయలేదు. ఇంతకంటే సిగ్గుపడాల్సింది నా జీవితంలో ఇంకేమీ లేదు. కొమ్ము, టార్చి పోనీ, నేను నీకు అంత భయం ఎప్పుడు పెట్టానో అది ఆలోచిస్తున్నాను. అమ్మకు పట్టీ సంగతి చెప్పాను. "ఒక్క టార్చి పట్టీనే కుట్టిన, నీ నోటికి గుడ కుట్టాల్సుండె" అంది.

వరప్రసాద్ గారి మీద అసూయ పోయిందని రాస్తే నువ్వు నమ్మవు. పోలేదు. ఇంకా ఎక్కువైంది. నువ్వు కింద కూర్చుండిపోయినప్పుడు ఆయన పక్కన కూర్చున్నారు. లేవమనలేదు. అదే నేనైతే "లే, నువ్వు పులివి" అని రెక్క పట్టి గుంజేవాణ్ణి. ఆయన చేసింది నాకు చేతకాదు. అందుకే కడుపు మండుతోంది. ఆయనకు నా దండాలు చెప్పు. గారు అని రాయడం కష్టంగానే ఉంది, అయినా రాశాను.

సంతకం మంచి పని చేశావు. ఒప్పుకుంటాను, ఒప్పుకోను అనడానికి నేనెవర్ని?

శనివారం ఆరాంఘర్‌లో బస్సెక్కుతున్నాను. నాలుగు రోజులు సెలవు పెట్టాను. టార్చి తేవడం లేదు, నీ దగ్గర ఉంది కదా. ఆ రెండు స్టేషన్ల మధ్య నీతో కలిసి కూర్చుని పోతాను. ఇటు కొస నుంచి అటు కొసకు, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. నేను నోరు తెరవను. బోనాల నాడు కిటికీ పక్కన నిలబడి అడగాల్సింది ఇప్పుడు అడుగుతున్నాను, నాకు మొదటినుంచి చెప్పు.

నీకు పట్టపగలు కూడా ఆ టార్చి ఎందుకు కావలసి వచ్చింది రేఖా?

వినడానికి వస్తున్న,
నీ శేఖర్